ఊదారంగు రాత్రి: కే-పాప్ సోలో పాటకి పాతకాలపు నిగారింపు ఎలా వస్తుంది

అందరికీ నమస్కారం.

ఈ పూట ఒక్క పాట పట్టుకుని మాట్లాడుకుందాం. కొరియన్ గాయని సున్మీ 2020 జూన్ 29న విడుదల చేసిన సింగిల్ అది. ముందు పేరు పలకడం నేర్చుకుందాం. ఆ పాట పనితనం సగం పేరులోనే దొరుకుతుంది. కొరియన్ లిపిలో రాసింది ‘బొరాబిత్ బమ్’. బొరా అంటే ఊదా, బిత్ అంటే వెలుగు, బమ్ అంటే రాత్రి. ఊదా వెలుగు రాత్రి అన్నమాట. దీన్ని సున్మీ ‘ప్పొరప్పిప్పమ్’ అని పలికింది. బ ఉన్న చోటల్లా బిగించేసింది. కొరియన్‌లో గొంతు బిగబట్టి, గాలి వదలకుండా పలికే హల్లులు విడిగా ఉన్నాయి. గాలి వదిలి పలికే మన ఖ, థ, ఫ లాంటి అక్షరాలకి సరిగ్గా ఎదురు దిశలో ఉంటాయవి. తెలుగు చెవికి మాత్రం ఉప్పులో, పప్పులో వినిపించే ‘ప్ప’లా తగులుతాయి. అలా బిగించగానే ఏమైంది? మెత్తని మాట కాస్తా దరువైంది. ఒక్కో అక్షరం చిన్న డ్రమ్ దెబ్బలా పడుతుంది. అర్థం 1980ల ప్రేమపాటది, ఉచ్చారణ ఇప్పటి డ్యాన్స్ పాటది. ఈ పంపకమే నేను చెప్పదలచుకున్నది.

రెట్రో అంటే మొత్తం పాతగా చేయడం కాదండి. వినేవాళ్లు ‘పాతది’ అని గుర్తుపట్టేవి కొన్నే ఉంటాయి. కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) నడక, కీబోర్డు నాదం, స్నేర్ డ్రమ్ చప్పుడు, తెర మీద రంగు. వాటిని పాతగా ఉంచాలి. అడుగున ఉండే బేస్ బరువు, గొంతు శుభ్రత, పాట నిడివి, ఎడిటింగ్ వేగం ఇప్పటివి కావాలి. ఏది పాతది, ఏది కొత్తది అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. తేల్చుకోని పాట ఎంత ఖర్చుపెట్టినా ఫ్యాన్సీ డ్రెస్ పోటీలా మిగిలిపోతుంది.

సున్మీకి ఇది కొత్త దారి కాదు. వండర్ గర్ల్స్ బృందంలో ఆమె ఉన్నప్పుడు 2007లో వచ్చిన ‘టెల్ మీ’లో అమెరికన్ గాయని స్టేసీ క్యూ 1986 నాటి పాట ముక్క శాంపిల్‌గా ఉంది. 2008 ‘నోబడీ’ 1960ల అమెరికన్ గాయనీ బృందాల తరహా. అదే పాట 2009 అక్టోబరులో అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 76వ స్థానానికి వెళ్లింది, అంతకుముందు ఏ కొరియన్ బృందమూ ఆ జాబితాలోకి రాలేదు. 2010లో బయటికి వెళ్లిన సున్మీ, 2015లో ‘రీబూట్’ ఆల్బమ్‌కి తిరిగొచ్చి బేస్ గిటారు పట్టుకుంది. ఆ ఆల్బమ్ అంతా 1980ల వాసనే. అంటే ఒకే మనిషి 1960లూ 80లూ రెండూ పాడింది, వాయించింది కూడా. ఆ తర్వాతే తన పాటకి తానే మాటలు రాసుకుని, ఫ్రాంట్స్ అనే స్వరకర్తతో కలిసి ‘ప్పొరప్పిప్పమ్’ బాణీ కట్టుకుంది. వేసుకున్న దుస్తుల్లో మాత్రమే కాక పాట నిర్మాణంలోనూ రెట్రో కనిపించడానికి కారణం ఈ నేపథ్యమేనని నా నమ్మకం.

ఆ సమయంలో గాలి కూడా అటే వీచింది. అదే 2020 ఆగస్టు 12న వండర్ గర్ల్స్‌ని తయారుచేసిన పార్క్ జిన్-యంగ్, సున్మీతో కలిసి ‘వెన్ వుయ్ డిస్కో’ విడుదల చేశాడు. తొమ్మిది రోజులకి బీటీఎస్ బృందం ‘డైనమైట్’. 2021 మార్చి 25న గాయని ఐయూ ‘లైలాక్’, జులై 6న ఇంకో గాయని టేయాన్ ‘వీకెండ్’. ఏడాది మీద ఒక వారంలో ఇన్ని. కొరియాలో దీనికి ‘న్యూట్రో’ అని పేరే పెట్టుకున్నారు, న్యూ, రెట్రో రెండూ కలిపి.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. ‘ప్పొరప్పిప్పమ్’ది సిటీ పాప్ శైలి. సిటీ పాప్ జపాన్‌ది. 1970ల చివర, 80లలో టోక్యో డబ్బుతో కళకళలాడుతున్న రోజుల్లో పుట్టింది. కారు, సముద్రపుటొడ్డు, రాత్రి రోడ్డు, ఎత్తైన భవనాల దీపాలు దాని లోకం. కానీ ఆ రోజుల్లో జపాన్ పాటల మీద కొరియాలో నిషేధం ఉంది. 1998 నుంచి అంచెలంచెలుగా ఎత్తేశారు. కాబట్టి సియోల్ కుర్రకారుకి ఇది తమ బాల్యపు జ్ఞాపకం కాదు, తల్లిదండ్రులది కూడా పూర్తిగా కాదు. వాళ్ల సొంత పాతపాట వేరే ఉంది. కిమ్ వాన్-సన్ డ్యాన్స్ పాటలు, 1989లో వచ్చిన కిమ్ హ్యున్-చుల్ తొలి ఆల్బమ్ లాంటివి. 2019లో ఎస్‌బీఎస్ చానల్ తన పాత ‘ఇంకిగాయో’ కార్యక్రమాలని యూట్యూబ్‌లో రోజంతా వేస్తుంటే, జనం దానికి ‘ఆన్‌లైన్ టాప్‌గోల్ పార్కు’ అని పేరు పెట్టారు. టాప్‌గోల్ పార్కు అంటే సియోల్‌లో పెద్దవాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు. అలా సొంత జ్ఞాపకం ఒక పక్క నుంచి, చూడని ఊరి మీద బెంగ మరో పక్క నుంచి వచ్చి కలిశాయి. మన 80ల సినిమా పాటలు వింటూ పెరిగిన తెలుగు చెవికి ఈ పాట ఇంకో రకంగా తగులుతుంది, అది సహజం. చేసేవాళ్లు మాత్రం ఎవరి 80లు చేస్తున్నారో ఎరుక తప్పకూడదు.

సరే, పనిలోకి వెళదాం. కీబోర్డు దగ్గర మొదలుపెడదాం.

సిటీ పాప్ అనగానే తలుపు తీసే కార్డ్‌ల వరస ఒకటుంది. సి శ్రుతిలో చెబుతాను. ఎఫ్ మేజర్ సెవెన్, ఈ సెవెన్, ఏ మైనర్ సెవెన్, తర్వాతి బార్‌ని (నాలుగు బీట్ల ముక్కని) సగం చేసి జి మైనర్ సెవెన్, సి సెవెన్. మళ్లీ మొదటికి. దీన్ని మెల్లగా వాయించి వినండి. ఈ సెవెన్‌లో జి షార్ప్ ఉంది, అది సి మేజర్ స్కేలులో లేని స్వరం. అదే ఏ మైనర్ వైపు లాగుతుంది. జి మైనర్‌లో బి ఫ్లాట్, అదీ బయటి స్వరమే. చివర వచ్చే సి సెవెన్ మీద నిలబడదామంటే అది ఎఫ్ వైపు తోస్తుంది. మన మాటల్లో చెప్పాలంటే ఆధార షడ్జం మీద ఎక్కడా విశ్రాంతి లేదు. పాట ఇంటికి చేరదు, తిరుగుతూనే ఉంటుంది. రాత్రి కారులో గమ్యం లేకుండా పోతున్నట్టు అనిపించడానికి కారణం ఇదే. ఇది ‘ప్పొరప్పిప్పమ్’ కార్డ్‌ల జాబితా కాదు, ఆ కుటుంబం మొత్తానికీ ఆనవాలు.

ఇక్కడ జరిగే తప్పులు ఎప్పుడూ రెండే. సెవెన్త్, అంటే కార్డ్‌లోని ఏడో స్వరం, వదిలేసి ఎఫ్, ఈ, ఏ మైనర్ అని మూడు స్వరాల కార్డ్‌లు వేస్తారు. వెంటనే అది భజన పాటకో, మార్చింగ్ పాటకో వెళ్లిపోతుంది. రెండో తప్పు దీనికి తిరగవేత. రెండు చేతుల్తో అన్ని స్వరాలూ నొక్కేస్తారు, బేస్ కూడా అదే మూల స్వరం పట్టుకుంటుంది, అడుగంతా బురద. మూల స్వరాన్ని బేస్‌కి వదిలేయండి. కీబోర్డు మీద మిడిల్ సి చుట్టూ మూడు, ఐదు, ఏడు, తొమ్మిదో స్వరాలు చాలు. ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి వేళ్లు ఒకటి రెండు మెట్లకి మించి కదలకూడదు. చేయి ఎగిరి దూకుతోందంటే అమరిక తప్పినట్టే.

నాదం విషయంలో తేదీలు తెలిసి ఉండాలి. లిన్ సంస్థ ఎల్‌ఎమ్-1 యంత్రం 1980లో వచ్చింది, అసలు డ్రమ్‌ల రికార్డింగులని మోగించిన మొదటి యంత్రం అది. లిన్‌డ్రమ్ 1982లో. రోలాండ్ టిఆర్-808 1980, టిఆర్-909 1983. యమహా డిఎక్స్7 కూడా 1983లోనే. గాజు గ్లాసు మీద చెంచాతో తట్టినట్టుండే ఆ ఎలక్ట్రిక్ పియానో శబ్దం డిఎక్స్7ది. 1979 నాటి మెత్తని సిటీ పాప్ చేద్దామనుకుని ఈ గాజు శబ్దం పెడితే పాట ఒక్కసారిగా 1984కి జరిగిపోతుంది. 1979 కావాలంటే రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో నాదం పెట్టాలి, అది గుండ్రంగా, కాస్త వణుకుతూ ఉంటుంది. శ్రోతకి తేదీలు తెలియకపోవచ్చు, కానీ రెండు కాలాలు ఒకదాని మీద ఒకటి పడితే ‘ఏదో కుదరలేదు’ అని తెలిసిపోతుంది. పైపొరకి ఒక ఐదేళ్ల కిటికీ నిర్ణయించుకుని అందులోంచి బయటికి రాకపోవడం మంచిది.

స్నేర్ గురించి కాస్త ఆగుదాం, ఎందుకంటే అందరూ ఇక్కడే జారిపోతారు. 80ల స్నేర్ ‘ఢాంష్’ అని విచ్చుకుని టక్కున తెగిపోతుంది. దాన్ని గేటెడ్ రీవెర్బ్ అంటారు. రీవెర్బ్ అంటే గది ప్రతిధ్వని, గేట్ అంటే దాన్ని తెగ్గొట్టే తలుపు. 1981 నుంచి డ్రమ్మర్, గాయకుడు ఫిల్ కాలిన్స్ రికార్డుల వల్ల లోకమంతా పాకింది. చేసే పద్ధతి చెబుతాను. స్నేర్‌ని పెద్ద గది రీవెర్బ్‌లోకి పంపండి. వచ్చిన రీవెర్బ్‌ని కంప్రెసర్‌తో, అంటే శబ్దపు హెచ్చుతగ్గుల్ని అణచే పరికరంతో, గట్టిగా నొక్కండి. ఆ తర్వాత గేట్ పెట్టండి, ఆ గేట్‌ని తెరిచే తాళంచెవి మాత్రం రీవెర్బ్ లేని మూల స్నేర్ కావాలి. గేట్ ఎంతసేపు తెరిచి ఉండాలన్నది లెక్కతో తేల్చాలి. పాట వేగం నిమిషానికి 108 బీట్లు అనుకుందాం. ఒక బీట్ 556 మిల్లీసెకన్లు, అందులో సగం 278, పావు 139. స్నేర్ తోక సగం బీట్ దాటకూడదు, కాబట్టి 200 నుంచి 250 మిల్లీసెకన్లలో తలుపు మూసేయండి. 400 దాకా వదిలితే అది తర్వాత వచ్చే గిటారు ఛక్‌ఛక్ మీద పడి దాన్ని తినేస్తుంది. ‘మిక్స్‌లో గిటారు వినపడటం లేదు’ అని గిటారు పెంచుకుంటూ పోతారు. నేరం గిటారుది కాదు, స్నేర్ తోకది.

వేగం మాట వచ్చింది కాబట్టి, ‘డైనమైట్’ 114 బీట్ల మీద నడుస్తుంది. ఈ జాతి పాటలు చాలావరకు 100 నుంచి 120 మధ్యలో ఉంటాయి. 125 దాటితే డిస్కో కాస్తా క్లబ్బుల్లో మోగే ‘హౌస్’ రకం సంగీతం అయిపోతుంది, 95 కిందికి పోతే నడుము ఊగడం ఆగి తల ఊగడం మొదలవుతుంది.

బేస్ పూర్తిగా ఇప్పటి లెక్క. బేస్ గిటారు అట్టడుగు తీగ ఈ, అది 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. పాత ఎల్‌పీ రికార్డుల్లో అంత అడుగు బరువు ఎక్కించేవాళ్లు కాదు, ఎక్కిస్తే గాడి వెడల్పై సూది తుళ్లేది. నేటి శ్రోతకి ఆ బరువు లేకపోతే పాట బక్కగా వినిపిస్తుంది. అందుకని రెండు పొరలు వేయాలి. వేళ్లతోనో, స్లాప్‌తోనో వాయించిన అసలు బేస్‌ని 80 హెర్ట్జ్ దగ్గర కింద కోసేయండి. ఆ కోసిన చోట అదే స్వరాలతో ఒక సాదా సైన్ తరంగం పెట్టండి, దాన్ని 80కి పైన కోయండి. రెండూ కలిపాక మోనోలో, అంటే ఎడమ కుడి స్పీకర్లని ఒకటి చేసి, వినండి. మోనోలో అడుగు మాయమైతే రెండు తరంగాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని అర్థం, ఒకదాని ఫేజ్ తిప్పాలి, అంటే తరంగాన్ని తలకిందులు చేయాలి. ఫోన్ స్పీకర్‌కి 80 హెర్ట్జ్ వినిపించే శక్తి లేదు కదా అంటారేమో. లేదు. అందుకే పై పొర బేస్‌కి కాస్త సాచురేషన్, అంటే సన్నని గరుకు, కలపాలి. ఆ గరుకులో పుట్టే పైస్వరాలని బట్టి చెవి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. కిక్ డ్రమ్ పడినప్పుడల్లా బేస్‌ని రెండు మూడు డెసిబెల్స్ తగ్గించే సైడ్‌చెయిన్ చాలు. ఎనిమిది పది తగ్గిస్తే పాట ఊపిరి తిత్తిలా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, అది 2000ల క్లబ్ శబ్దం, 80లది కాదు.

గొంతు విషయంలో నా మాట ఒకటే. స్వరాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ బిగింపు తగ్గించండి. పాత నాదాల మధ్య గొంతు ఒక్కటే గీత గీసినట్టు ఉంటే అతికించినట్టు కనిపిస్తుంది. సున్మీ గొంతులో ఉన్న గాలీ, చివర్లలో వదిలేసే నీరసమూ ఈ శైలికి అమరిన నగలు. వాటిని చెరిపేస్తే ఆ గాయని ఎందుకు?

మాస్టరింగ్, అంటే విడుదలకి ముందు చివరి మెరుగు, దగ్గర ఒక అత్యాశ ఉంది. పాటని ఎంత గట్టిగా నొక్కితే అంత మేలనుకోవడం. స్పాటిఫై, యూట్యూబ్ రెండూ గట్టి పాటలని మైనస్ 14 లఫ్స్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తగ్గించేస్తాయి. నొక్కి నొక్కి మైనస్ 6కి తెచ్చిన పాట అక్కడ 8 డెసిబెల్స్ కిందికి దిగుతుంది. స్నేర్ విచ్చుకోవడం పోతుంది, శబ్దమూ పెరగదు. కే-పాప్‌లో గట్టిగానే నొక్కుతారు. కానీ రెట్రో పాటకి స్నేరే ప్రాణం కాబట్టి ఆ దెబ్బకి చోటు వదలాలి.

నిర్మాణంలో పెద్ద మార్పు రెండు చివర్లలో. పాత పాటలు ఇరవై, ముప్ఫై సెకన్ల వాద్యసంగీతంతో మొదలై, చివర మెల్లగా శబ్దం తగ్గుతూ ఆగిపోయేవి. ఇప్పటి సింగిల్‌కి మొదటి పది సెకన్లలో గొంతు రావాలి. చివర మెల్లగా తగ్గడం కూడా కుదరదు. కారణం టీవీ. ‘మ్యూజిక్ బ్యాంక్’, ‘ఎమ్ కౌంట్‌డౌన్’, ‘ఇంకిగాయో’ లాంటి కార్యక్రమాల్లో పాట ఆగగానే కెమెరా గాయని మొహం మీదికి దగ్గరగా వచ్చి నిలబడుతుంది. ఆయాసంతో రొప్పుతూ నిలిచే ఆ క్షణానికి కొరియన్ అభిమానులు ‘ఎండింగ్ ఫెయిరీ’ అని పేరు పెట్టారు. శబ్దం మెల్లగా తగ్గుతూ ఉంటే ఆ భంగిమ ఎప్పుడు పట్టాలి? అందుకని ఖచ్చితమైన చివరి దెబ్బ కావాలి. కోరస్‌కి కూడా ఇలాంటి లెక్కే. 108 బీట్లలో ఎనిమిది బార్ల కోరస్ 17.8 సెకన్లు. చిన్న నిలువు వీడియోలో అభిమానులు చేసే డ్యాన్స్ ఛాలెంజ్‌కి సరిపోయే ముక్క అదే. అందులో చేతులతో చేసే గుర్తు స్టెప్ ఒకటి ఉండాలి, దాన్నే ‘పాయింట్ డ్యాన్స్’ అంటారు. నడుము పైనే కనిపించేలా ఉంటే మంచిది, గదిలో ఫోన్ బల్ల మీద నిలబెట్టి చేసేవాళ్లకి కాళ్లు ఫ్రేములో పడవు.

ఇక మ్యూజిక్ వీడియో. ఊదా రంగుతో మొదలుపెడదాం.

ఊదా వెలుగు అంటే ఎరుపూ నీలమూ కలిసినది, ఆకుపచ్చ ఉండదు. కెమెరా సెన్సర్‌లో సగం చుక్కలు ఆకుపచ్చని పట్టేవే, మొహంలోని సన్నని వివరమంతా ఎక్కువగా వాటి నుంచే వస్తుంది. మొహం మీద నేరుగా ఊదా లైటు వేస్తే చర్మం మైనపు బొమ్మలా నునుపైపోతుంది, నీలం చానల్‌లో చుక్కల గోల మొదలవుతుంది. అందుకని ఊదాని వెనకనుంచి, పక్కనుంచి వేయాలి. జుట్టు అంచు, భుజం, గోడ, ఆకాశం ఊదా. మొహానికి విడిగా ఒక మెత్తని, కాస్త వెచ్చని తెల్ల లైటు, ముందు నుంచి తక్కువ మోతాదులో. అప్పుడు మొహం మొహంలా ఉంటుంది, రాత్రి ఊదాగా ఉంటుంది. రెండో ప్రమాదం ఆకాశంలో. ఊదా నుంచి నలుపుకి మెల్లగా దిగే చోట 8 బిట్ రికార్డింగ్ అయితే మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. 10 బిట్‌లో తీయండి, చివర్లో సన్నని గ్రెయిన్, అంటే ఫిల్మ్‌లో కనిపించే చుక్కల గరుకు, కలపండి. ఆ గ్రెయిన్ మెట్లని చెదరగొడుతుంది.

ఆ గ్రెయిన్‌తో ఇంకో తిప్పలుంది. యూట్యూబ్ కుదింపు గ్రెయిన్‌ని చూడగానే దాన్ని అనవసరమైన గోల అనుకుని తుడిచేస్తుంది, తుడిచిన చోట బురద మరకలు మిగులుతాయి. 1080లో తీసిన వీడియో అయినా 4కే సైజుకి పెంచి ఎక్కించండి. యూట్యూబ్ 4కేకి ఎక్కువ డేటా కేటాయిస్తుంది, గ్రెయిన్ కొంతైనా బతుకుతుంది. గ్రెయిన్ చుక్క కూడా కాస్త పెద్దగా ఉండాలి, మరీ సన్నది మొదట పోతుంది.

అసలు ఫిల్మ్ మీదే తీయొచ్చు కదా అంటారు. తీయొచ్చు, లెక్క తెలిసి తీయాలి. 16 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకి 40 ఫ్రేములు. 400 అడుగుల చుట్ట 24 ఫ్రేముల వేగంతో 11 నిమిషాల పైన ఆరు సెకన్లు వస్తుంది. మూడు నిమిషాల పాటని మొదటి నుంచి చివరిదాకా తీస్తే చుట్టకి మూడు టేకులు, మిగిలింది క్లాప్‌లకీ కెమెరా వేగం అందుకోవడానికీ పోతుంది. సూపర్ 8 కార్ట్రిడ్జ్ 50 అడుగులు, 24 ఫ్రేముల మీద రెండున్నర నిమిషాలే, అంటే ఒక్క పాట కూడా పట్టదు. కే-పాప్ డ్యాన్స్‌కి చాలా టేకులు కావాలి, ఒక్క చేయి ఆలస్యమైనా మళ్లీ తీయాలి. కాబట్టి డ్యాన్స్ డిజిటల్‌లో, నడక, కిటికీ, నవ్వు లాంటి విడి ముక్కలు ఫిల్మ్‌లో తీసుకోవడం తెలివైన పంపకం. రాత్రికి కొడాక్ 500టి వాడతారు. అది 3200 కెల్విన్ బల్బు వెలుగుకి తయారైన ఫిల్మ్. వీధి దీపాలు, పసుపు బల్బులు దాని మీద సహజంగా పడతాయి, సాయంకాలపు ఆకాశం నీలంగా మారిపోతుంది. సగం ఊదా అక్కడే ఉచితంగా దొరుకుతుంది.

డిజిటల్‌లో తీసేవాళ్లకి లెన్స్ ముందు బ్లాక్ ప్రో-మిస్ట్ ఫిల్టర్, 1/8 లేదా 1/4 బలానిది. దీపాల చుట్టూ మెత్తని కాంతివలయం వస్తుంది. 1/2కి పోతే నలుపు బూడిదై వీడియో మొత్తం మంచు పట్టిన అద్దంలా ఉంటుంది. ఇది ఎడిటింగ్‌లో తీసేద్దామంటే తీయలేరు.

వీహెచ్‌ఎస్ టేపు తరహా కావాలంటే యాప్ ఫిల్టర్ కన్నా అసలు యంత్రం మేలు. టేపు మీద వివరం అడ్డంగా 240 గీతల మేరకే ఉంటుంది, రంగుది ఇంకా చాలా తక్కువ. అందుకే ఎర్ర పెదవి గీత దాటి పక్కకి కారినట్టు కనిపిస్తుంది. యాప్‌లు చిత్రం మొత్తాన్ని మసకబారుస్తాయి, టేపులో వెలుగు కాస్త పదునుగానే ఉండి రంగు మాత్రమే కారుతుంది. తేడా అక్కడే దొరికిపోతుంది. పద్ధతి ఏమిటంటే, ఎడిటింగ్, రంగు దిద్దడం పూర్తయిన వీడియోని హెచ్‌డీఎమ్‌ఐ నుంచి కాంపోజిట్‌కి, అంటే పాత టీవీ సిగ్నల్‌కి, మార్చే చిన్న డబ్బా ద్వారా వీసీఆర్‌కి పంపి, టేపు మీద రికార్డు చేసి, మళ్లీ ప్లే చేసి కంప్యూటర్‌లోకి పట్టుకోవాలి. పట్టుకునేటప్పుడు మధ్యలో టైమ్ బేస్ కరెక్టర్ (టేపు సిగ్నల్ వేగంలో తేడాలని సరిచేసే పరికరం) లేకపోతే ఫ్రేములు జారిపోతాయి, రెండో నిమిషానికి పెదాలు ఒక చోట, పాట ఒక చోట. అది లేనివాళ్లు పాటంతా ఒకేసారి కాకుండా పది పదిహేను సెకన్ల ముక్కలుగా పంపుకుని, ఒక్కో ముక్కనీ అసలు పాటకి అమర్చుకోవాలి.

ఇక్కడ మన దేశంలో చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. డిజిటల్ రాకముందు కొరియా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, 525 గీతలు, సెకనుకి 29.97 ఫ్రేములు. అప్పటి మన దూరదర్శన్‌ది పాల్, 625 గీతలు, 25 ఫ్రేములు. ఇంట్లో దొరికిన పాత క్యామ్‌కార్డర్ పాల్‌ది అయి ఉంటుంది. దాని ముక్కని 29.97 టైమ్‌లైన్‌లో వేస్తే డ్యాన్స్ ప్రతి అడుగుకీ చిన్న కుదుపు కనిపిస్తుంది. మొదటి నుంచి చివరిదాకా 25లోనే ఉండండి. కొరియన్ 1988కి బదులు మన 1988 వస్తుంది, అందులో తప్పులేదు, ఒకే కాలం ఉన్నంతవరకు.

పాత టీవీ డబ్బాలు సెట్‌లో పెట్టడం ఈ వీడియోల్లో ఇష్టమైన అలంకారం. వాటిని తీస్తే తెర మీద నల్ల పట్టీ కిందికి జారుతుంటుంది. ఎన్‌టీఎస్‌సీ టీవీకి కెమెరాని 23.976 ఫ్రేములు, 144 డిగ్రీల షట్టర్‌లో పెట్టాలి, అంటే ఒక్కో ఫ్రేముకి దాదాపు అరవయ్యో వంతు సెకను వెలుగు. పాల్ టీవీకి 25 ఫ్రేములు, 180 డిగ్రీలు, అంటే యాభయ్యో వంతు సెకను. కరెంటు దీపాలదీ ఇదే కథ. కొరియా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. 24 ఫ్రేముల మీద తీస్తుంటే అక్కడ 144 డిగ్రీలు, ఇక్కడ 172.8. నియాన్‌లా కనిపించే చవక ఎల్‌ఈడీ గొట్టాలు, ముఖ్యంగా డిమ్మర్‌తో తగ్గించినవి, ఏ లెక్కకీ లొంగవు. వాటిని పూర్తి వెలుగులో ఉంచి, ముందు బూడిద రంగు పల్చని జెల్ కాగితం కట్టి తగ్గించుకోవాలి.

దాదాపు చతురస్రంలా ఉండే 4:3 తెర కావాలంటే 1920 వెడల్పులో మధ్య 1440 వాడుకోవాలి, అటూ ఇటూ 240 చొప్పున నలుపు. షూటింగ్‌లోనే మానిటర్ మీద ఆ గీతలు గీసుకోండి. 16:9లో తీసి తర్వాత కోస్తే మొదట పోయేది చివరి డ్యాన్సర్ చేయి. ఎనిమిది మంది వరసగా నిలబడే డ్యాన్స్ 4:3లో పట్టదు, రెండు వరసలు చేసి వెనకవాళ్లని మెట్టు ఎక్కించాలి.

నెమ్మదిగా కదిలే జుట్టు, గాలిలో చున్నీ, దాని మధ్యలో పెదాలు మాత్రం పాటకి సరిగ్గా ఆడటం చూసి ఉంటారు. 48 ఫ్రేముల మీద తీసి, సెట్‌లో పాటని రెట్టింపు వేగంతో వేస్తారు. గాయని ఆ వేగంతో పాడుతుంది. 24లో ప్లే చేస్తే పెదాలు కుదురుతాయి, ఒళ్లు సగం వేగంతో తేలుతుంది. మరీ అంత కలలా వద్దనుకుంటే 30 ఫ్రేములు, పాట 125 శాతం వేగం. బిగించి పలికే ‘ప్పొరప్పిప్పమ్’ లాంటి మాట రెట్టింపు వేగంలో పెదాలకి అందదు, అలాంటి చోట 30 నయం.

దుస్తుల గురించి రెండు మాటలే. సన్నని చారల చొక్కా డిజిటల్ కెమెరాలో అలలు అలలుగా కదిలిపోతుంది, వద్దు. భుజాలకి ప్యాడ్‌లున్న కోటు చేతులు పైకెత్తితే చెవుల దాకా లేస్తుంది, డ్యాన్స్ రిహార్సల్ ఆ కోటుతోనే చేయించి చూడాలి.

చివరగా, ఇందాక ముందు వరసలోంచి ఒక అమ్మాయి అడిగింది, ఊళ్లో రాత్రిపూట రోడ్డు మీద, ఫోన్‌తోనే కవర్ డ్యాన్స్ తీయాలంటే ఎలా అని. చెబుతానమ్మా. ఫోన్‌లో మాన్యువల్ కెమెరా యాప్ పెట్టుకో. 25 ఫ్రేములు, షట్టర్ 1/50, వైట్ బ్యాలెన్స్ 3200 దగ్గర కట్టేయి, ఆటోలో వదిలితే ఊదా లైటు పడిన ప్రతిసారీ అది రంగు సరిదిద్దబోతుంది. ఐఎస్‌ఓ (కెమెరా వెలుగుని ఎంత పెంచి చూపాలన్న అంకె) 800 దాటనివ్వకు, వెలుగు చాలకపోతే దీపం దగ్గరికి జరుగు. ఊదా కోసం వెనక ఒక రంగుల ఎల్‌ఈడీ ప్యానెల్, మొహానికి తెల్ల కాగితం చుట్టిన ఇంకో చిన్న లైటు. పాట స్పీకర్‌లో వేయండి, బ్లూటూత్ వద్దు, తీగతోనే కలపండి. బ్లూటూత్‌లో పాట ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యం ఒక్కో పరికరంలో ఒక్కోలా ఉంటుంది. అన్నీ అమర్చాక ఒక నిమిషం తీసి, ఇంటికి పోయే పని లేకుండా అక్కడే ల్యాప్‌టాప్ మీద పెద్దగా వేసి, దీపం ఎక్కడైనా మినుకుతోందేమో, మొహం మైనంలా ఉందేమో చూసుకో. అది బాగుందనుకున్నాకే మిగతా అమ్మాయిలకి మేకప్ మొదలుపెట్టించు.